లైను సాగిన రోజు

ముందే ఒప్పేసుకుంటే నాకు కాస్త హాయిగా ఉంటుంది: నేను పెంచి చెప్పే మనిషిని. చిన్నప్పుడు దోమ కుడితే కుక్క కరిచిందని ఇంట్లో చెప్పేవాణ్ణి. కుక్క నిజంగా కరిచిన రోజున ఎవరూ నమ్మలేదు, ఇంజెక్షన్ ఒక రోజు ఆలస్యమైంది. ఆ ఒక్క రోజుని తర్వాత నేను మూడు వారాలు చేశాను, అది వేరే సంగతి. ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాను. జుట్టు తగ్గింది, ఈ గుణం తగ్గలేదు. కాబట్టి ఇది చదివేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద చొక్కా బేరమాడినట్టు చదవండి. వాడు ఎనిమిది వందలంటాడు, మీరు రెండు వందలంటారు, వాడు గుండె పట్టుకుంటాడు, మీరు నాలుగడుగులు ముందుకు వేస్తారు, వాడు వెనక్కి పిలుస్తాడు. నేను పద్దెనిమిది కుట్లు అన్నచోట మీరు నాలుగడుగులు వెయ్యండి. నేను తప్పకుండా వెనక్కి పిలుస్తాను. మా ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతిలో కాపురం చేస్తోంది.

నేను తెలుగు చెప్పే బడి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే మెయిన్ రోడ్డుకి ఒక గల్లీ లోపల ఉంది. క్యాథలిక్ ఫాదర్లు నడిపే బడి. గేటులోంచి చూస్తే పొడవాటి గ్రౌండు, గ్రౌండు అవతలి చివర రాళ్ళతో కట్టిన మరియమాత గుహ, మధ్యలో తుప్పుపట్టిన బాస్కెట్‌బాల్ స్తంభం. పిల్లల్లో ఎక్కువమంది హిందువులే అయినా పరలోక జపం నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. చివర్లో ఆమెన్‌కి 'గుడ్ మార్నింగ్ ఫాదర్' కూడా కలిపేసి, ఒక్క ఊపిరిలో.

ఇది మూడు నాలుగేళ్ళ కిందటి జూన్. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు.

ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి లోంచి బయటికి పోయిన పిల్లలూ, జూన్‌లో పదో తరగతిలోకి వచ్చే పిల్లలూ ఒకే మనుషులు కారు. మధ్యలో ఎవరో మారుస్తారు. ఏప్రిల్‌లో నా భుజం దగ్గరున్నవాడు జూన్‌లో నా బట్టతలను పైనుంచి చూస్తూ నమస్తే పెడతాడు. మీసం మొలవనివాడు కాటుక తెచ్చి గీసుకుంటాడు. ఇక వాళ్ళ పలకరింపులు చూడాలి. రెండు నెలలుగా కలవని స్నేహితుడు కనబడితే వీపు మీద ఒక్కటి చరుస్తారు. ఆ చప్పుడుకి గుహమీది పావురాలు లేచి నాగోల్ దాకా వెళ్ళి వస్తాయి. తిన్నవాడు ఊరుకుంటాడా? వాడు డొక్కలో గుద్దుతాడు. మూడోవాడు వచ్చి ఇద్దరి తలలూ పట్టుకుని టెంకాయల్లా కొడతాడు. "ఎట్లున్నవ్‌రా?" "మస్తున్న బే!" ఇంత ఆప్యాయత అయ్యేసరికి ఇద్దరికి ముక్కు కారుతుంది, ఒకడికి చొక్కా జేబు చిరుగుతుంది. ఆ ఉదయం ప్రేయర్ బెల్లు కొట్టకముందే నేను నాలుగు గుద్దులాటలు విడదీశాను. నాలుగూ ప్రేమతో జరిగినవే.

ఆ మొదటి రోజునే మా బడిలో కెప్టెన్ని ఎన్నుకునే ఆచారం ఉండేది. చీటీలు లేవు, డబ్బా లేదు, చేతులెత్తడం లేదు. పోటీ చేసేవాళ్ళు గుహ ముందు నిలబడతారు. ఎవరు కావాలో వాళ్ళ వెనక పదో తరగతి మూడు సెక్షన్ల పిల్లలూ వెళ్ళి లైను కట్టాలి. ఏ లైను తోక గేటు వైపు ఎక్కువ దూరం పోతే వాడు గెలిచినట్టు. తలలు లెక్కపెట్టడం మాత్రం నిషిద్ధం.

ఈ నిషేధం మా ప్రిన్సిపల్ ఫాదర్‌ది. కేరళలో పుట్టి, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న ముసలాయన. చీమకి దారి ఇవ్వడానికి ఆగి, క్లాసుకి ఆలస్యంగా వెళ్ళే రకం. "లెక్కపెడితే ఓడినవాడికి తనకెంత తక్కువో తెలుస్తుంది సార్. ఆ నంబర్ వాడు జీవితమంతా మోస్తాడు. లైన్ అయితే కాసేపట్లో చెదిరిపోతుంది" అనేవారు. ఎంత మంచి మాట! ఆ మంచి మాటే ఆ రోజు మా గ్రౌండులో నెత్తురు పారించింది.

పోటీకి ఇద్దరు నిలబడ్డారు. పేర్లెందుకు, వాళ్ళుండే చోట్లతోనే చెబుతాను. ఒకడు నాగోల్ వాడు. వాళ్ళ తాతల కాలంలో మూసీ పక్కన పొలాలుండేవట. ఇప్పుడు వాళ్ళ నాన్న ప్లాట్లు అమ్ముతాడు. వాడు నిలువునా ఆరున్నర అడుగులు, చెయ్యి చాపితే రోడ్డు మీది మెట్రో రైలు ఆపగలడు. చదువు అంతంతమాత్రం. కానీ ఇంజన్ అంటే ప్రాణం. బడి జనరేటర్ ఆగిపోతే మెకానిక్‌ని పిలిచేవాళ్ళం కాదు, వాణ్ణి క్లాసులోంచి పిలిచేవాళ్ళం. పది పాసై పాలిటెక్నిక్‌లో చేరాలన్నది వాడికున్న ఒకే ఒక్క కోరిక. రెండోవాడు చంపాపేట్ వాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వాళ్ళమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. వాడు సన్నగా, కళ్ళద్దాలతో, ఊదితే ఎగిరిపోయేట్టుంటాడు. నాలుక మాత్రం రెండు వైపులా పదునే. ఇద్దరూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ.

లైన్లు కట్టకముందు ఫాదర్ మైకు పట్టుకున్నారు. "ఈ రోజు ఎవరైనా చెయ్యి ఎత్తితే టీసీ. పదో తరగతి అని చూడను" అన్నారు. అంటూ నాగోల్ వాడి వైపే చూశారు. వాడికి అప్పటికే తొమ్మిదిలో రెండు వార్నింగులున్నాయి, రెండూ కొట్లాటలకే. మూడోది పడితే టీసీ అని వాళ్ళ నాన్న చేత సంతకం కూడా చేయించారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పదో తరగతిలో టీసీ చేతికొస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్క బడీ గేటు తీయదు. ఆ కాగితంలో కారణం చదివిన ఏ ప్రిన్సిపలూ తన పదో తరగతి రిజల్ట్‌ని వాడి చేతిలో పెట్టడు. వాడికి పది ఉండదు, పాలిటెక్నిక్ ఉండదు. వాళ్ళ నాన్న వేసిన వెంచర్ టెంటు కింద కూర్చుని, ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి చల్లటి నీళ్ళ సీసాలు అందించడమే ఉంటుంది. ఈ సంగతి వాడికి నాకన్నా బాగా తెలుసు. లైను మొదట్లో నిలబడి చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాడు, అవెక్కడ బయటికొస్తాయో అని.

ఇప్పుడు నా సంగతికొస్తాను. పీఈటీ సారు వేసవిలో మానేశాడు, కొత్తాయన ఇంకా రాలేదు. స్టాఫ్‌లో అందరికన్నా పెద్ద గొంతు నాదేనని ఈల తెచ్చి నా మెడలో వేశారు. నేను పోయి చంపాపేట్ వాడి లైను పక్కన నిలబడ్డాను. పక్షపాతం ఏమీ లేదు. నీడ అటు ఉంది.

పిల్లలు లైన్లు కట్టారు. కట్టారు అనడం మర్యాద కోసం. ఒకణ్ణి ఇద్దరు రెండు లైన్లలోకి లాగుతుంటే వాడి చొక్కా ఒక లైనులోకీ వాడు ఒక లైనులోకీ పోయారు. ఒక అమ్మాయి తన స్నేహితురాల్ని జడ పట్టుకుని పది గజాలు ఈడ్చుకుపోయింది. ఎటూ తేల్చుకోలేనివాణ్ణి ముగ్గురు ఎత్తి నాగోల్ వాడి లైనులో దించారు. నాగోల్ వాడి వెనక పిల్లలు సాయంత్రం ఆరింటికి ఎల్బీ నగర్ నుంచి బయల్దేరే బస్సులోలాగా ఒకరి వీపుకి ఒకరు అతుక్కుని నిలబడ్డారు. అంత అభిమానం. లైను పొట్టిగా, లావుగా, మేకని మింగిన కొండచిలువలా ఉంది. ఇటు చంపాపేట్ వాడి లైను వంకరటింకరగా ఉంది.

వంకర లైను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఉదయం ప్రేయర్‌లో నేను చేసే పని అదే. మనసుకి తెలియకుండానే ఈల నోట్లోకి పోయింది. ఊదాను. "హ్యాండ్స్ ఫార్వర్డ్!" అని అరిచాను.

ఒకటో తరగతి నుంచి వింటున్న మాట. చంపాపేట్ వాడి లైనులో ప్రతి ఒక్కరూ చేతులు ముందుకి చాపి, ముందువాడి భుజానికి వేళ్ళు తగిలేంత ఎడంగా జరిగారు. లైను జంతికల గొట్టంలోంచి దిగినట్టు సాగింది. బాస్కెట్‌బాల్ స్తంభం దాటింది, నీళ్ళ ట్యాంకు దాటింది, గేటు దాటి గల్లీలోకి పోయి, నాకు తెలిసినంతవరకు చివరివాడు విజయవాడ హైవే ఎక్కాడు. అవతలి లైనుకి నా మాట అందలేదు. అక్కడ కేకలు ఎక్కువగా ఉన్నాయి. ముందు నిలబడ్డ నాగోల్ వాడొక్కడే నా వైపు తిరిగి చూశాడు.

ఫాదర్ గుహ మెట్టెక్కి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు తోకలూ చూశారు. నవ్వారు. వెంటనే చంపాపేట్ వాడి మీద దీవించిన నీళ్ళు చల్లి, చొక్కాకి బ్యాడ్జి గుచ్చారు. చప్పట్లు.

"ఫాదర్, గిదేం లెక్క?" నాగోల్ వాడి గొంతు. "వాళ్ళు ఎడమెడం నిలవడ్డరు. మావోళ్ళు దగ్గర దగ్గర నిలవడ్డరు. మా దిక్కే మస్తుమంది ఉన్నరు. ఒక్కసారి లెక్కవెట్టుండ్రి ఫాదర్."

ఫాదర్ అప్పటికే మైకు వైపు తిరిగిపోయారు. చంపాపేట్ వాడు మాత్రం విన్నాడు. గెలిచిన మదం, పదిహేనేళ్ళ వయసు, చుట్టూ వినేవాళ్ళు. ఇంకేం కావాలి?

"ఊరుకోరా బాబూ. మీ నాన్న ప్లాట్లు సాగదీసి అమ్మట్లా? మేమూ లైను సాగదీశాం, అంతే."

చుట్టూ పదిమంది కిసుక్కుమన్నారు.

"మల్లొక్కపారి అను."

"గజాలు మీ ఇంట్లో బాగా పెరుగుతాయంట కదా..." అంటూ వేలితో వాడి ఛాతీ మీద పొడిచి వెనక్కి తోశాడు.

నాగోల్ వాడి కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. పక్కవాడి చేతిలో స్టీలు నీళ్ళ సీసా ఉంది, నిండా నీళ్ళతో. అది గాల్లోకి లేచింది. ఠంగుమన్న చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. అద్దాలు ఒక వైపు, బ్యాడ్జి ఒక వైపు ఎగిరాయి. చంపాపేట్ వాడు చెవి పైన చెయ్యి పెట్టుకుని, చెయ్యి తీసి చూసుకుని, ఎర్రగా ఉన్న ఆ వేళ్ళని ఆశ్చర్యంగా నాకు చూపించాడు, హోంవర్కు చూపించినట్టు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నెత్తురు మెడ మీంచి కొత్త యూనిఫాం కాలరు లోకి, కాలరు లోంచి నేల మీదికి. మూడు బక్కెట్లు. సరే, నాలుగడుగులు వేశారు కదా, ఒక గ్లాసు.

ఆ తర్వాత రెండు లైన్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

బెల్టులు ఊడాయి. మా బడి బెల్టుకి ఇత్తడి బకిల్ ఉంటుంది, దాని మీద శిలువ ఉంటుంది. ఆ రోజు కనీసం ఆరుగురి చెంపల మీద ఆ శిలువ ముద్ర పడింది. లంచ్ బాక్సులు పగిలాయి. పులిహోర కళ్ళలో పడ్డవాడు గుడ్డిగా తిరుగుతూ సొంత మనుషుల్నే తన్నాడు. జడ పట్టి ఈడ్చిన అమ్మాయిని ఈడ్పించుకున్న అమ్మాయి వెతికి మరీ పట్టుకుంది, జామెట్రీ బాక్సు మూతతో. ఒకడు ఇంకొకడి చెవి కొరికి పట్టుకుని వదల్లేదు. ఇద్దరు సిస్టర్లు చెరోవైపు లాగినా వదల్లేదు. ఏడో తరగతి పిల్లలు పై అంతస్తు వరండాలోంచి చాక్‌పీసులు, తర్వాత డస్టర్లు, తర్వాత ఒక కుర్చీ విసిరారు. మెట్రోలో పోయేవాళ్ళు దిగిపోకుండా ఎల్బీ నగర్ దాకా వెళ్ళి, ఇంకోసారి చూడ్డానికి మళ్ళీ అదే రైల్లో వెనక్కొచ్చారని విన్నాను.

నేను మధ్యలోకి దూకాను. ఇది నిజం. నా మణికట్టు మీద ఎవరిదో పంటిగాటు పడింది, కింది పెదవి చిట్లింది. నోట్లో ఈల ఉంది కాబట్టి పళ్ళు బతికాయి. చంపాపేట్ వాణ్ణి ఇద్దరు ఆయాల చేతికి అప్పజెప్పి దవాఖానకి పంపాను. నాగోల్ వాడు అక్కడే, గుహ పక్కన, సీసా ఇంకా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవర్నీ కొట్టడం లేదు. వాణ్ణి ఎవరో వెనక నుంచి కొడుతున్నారు, అదీ పట్టించుకోవడం లేదు. నా వైపు చూసి, మామూలు గొంతుతో, "సార్, మీరే గదా చేతులు చాపుమన్నది" అన్నాడు.

నా చేతిలోకి కర్ర ఎలా వచ్చిందో తెలియదు. బహుశా జెండా కర్ర. వాడి వీపు మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. "చేస్తావా? ఇంకోసారి చేస్తావా?" అంటూ కొట్టాను. వాడేం చేశాడని కొడుతున్నానో చూసేవాళ్ళందరికీ తెలుసు. నాకూ వాడికీ మాత్రం వేరే సంగతి తెలుసు. ఎన్ని దెబ్బలో నేను చెప్పను. ఏ అంకె వేసినా మీరు తగ్గిస్తారు, ఇక్కడ తగ్గించకూడదు.

మధ్యాహ్నానికి గ్రౌండు ఖాళీ అయింది. దవాఖానలో చంపాపేట్ వాడికి పద్దెనిమిది కుట్లు పడ్డాయి. మూడు.

ఆఫీసు గది చిన్నది. ఫాదర్ బల్ల వెనక కూర్చున్నారు, ఎదురుగా టీసీ పుస్తకం. క్లాస్ టీచర్ని కాబట్టి నాకొక కుర్చీ వేశారు. నాగోల్ వాడు గోడకి ఆనకుండా నిలబడ్డాడు. ఆనితే వీపు మండుతుంది. ముందు చంపాపేట్ వాడి తల్లి వచ్చింది, కోచింగ్ సెంటర్ నుంచి నేరుగా, వేళ్ళకి ఇంకా సుద్ద పొడి ఉంది. పక్కనే తలకి కట్టుతో కొడుకు.

"ఏంటండీ ఫాదర్ గారూ, బడికి పంపామా, బాక్సింగ్‌కి పంపామా? ఇంకో అంగుళం ఇటు తగిలుంటే కన్ను పోయేదండీ! ఐఐటీకి చదవాల్సిన తలండీ ఇది! టీసీ ఇస్తారా, నన్ను పోలీస్ స్టేషన్‌కి వెళ్ళమంటారా?"

"అమ్మా, కూర్చోండి."

"కూర్చోనండీ. మీరు ఆ పుస్తకం తీశారు కదా, రాయండి. రాసేదాకా నిలబడే ఉంటాను."

అంతలో నాగోల్ వాడి తండ్రి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. గుమ్మంలోనే ఆగి, కట్టు కట్టిన పిల్లవాణ్ణి చూశాడు, కొడుకుని చూశాడు.

"ఫాదర్ సాబ్, మీరు జర ఆగుండ్రి. ముందుగాల నా పని నేను జేసుకుంటా."

అని నడుముకున్న బెల్టు లాగాడు. అది పిల్లల బెల్టు కాదు, మందం తోలు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. "గీ బడి సీటు కోసం రెండేండ్లు తిరిగిన్రా నేను!" రెండోది వీపు మీద, నేను కొట్టినచోటే. పిల్లవాడి నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. "నీ తాత ఏలిముద్ర, నేను ఎనిమిది ఫెయిలు. నువ్వొక్కనివన్న పది గట్టెక్కుతవనుకున్న. ఇజ్జత్ తీసినవ్ గదరా గాడ్ది కొడుకా!" మూడోది, నాలుగోది. వాడు చేతులు అడ్డం పెట్టలేదు. మళ్ళీ జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాడు. తెల్ల చొక్కా ఆయన కొడుతూనే ఏడుస్తున్నాడు.

"అయ్యా, ఆపండి, ఇది ఆఫీసు" అన్నారు ఫాదర్, లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంటూ. తర్వాత కలం మూత తీశారు. "నేను మైకులో చెప్పాను. చెప్పి చెయ్యకపోతే రేపు ఆ ఐదు వందల మంది ముందు నా మాట ఏమిటి?" అని టీసీ పుస్తకంలో తేదీ వేశారు. పేరు రాయడం మొదలుపెట్టారు.

అప్పుడు నేను లేచాను.

కుర్చీ వెనక్కి పడిపోయింది. గాల్లో ఉన్న బెల్టుని ఒంటి చేత్తో పట్టుకున్నాను. అది పాములా నా ముంజేతికి మూడు చుట్లు చుట్టుకుంది. ఆ తండ్రి ఎంత లాగినా వదల్లేదు. "ఆగుండ్రి!" అన్నాను, కిటికీ అద్దాలు అదిరేట్టు. "ఫాదర్, కలం పక్కన పెట్టండి. ఆ లైను సాగదీసింది నేను. ఈల ఊదింది నేను. తలలు లెక్కపెడితే గెలిచింది ఈ పిల్లవాడే. టీసీ ఇవ్వాలంటే ముందు నాకివ్వండి!"

గది స్తంభించిపోయింది. ఫాదర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్ల చొక్కా ఆయన నా చెయ్యి పట్టుకుని, "సారూ, మీరు మనిషి కాదు" అన్నాడు. ఫాదర్ ఆ కాగితం పుస్తకంలోంచి చింపి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

పిల్లవాడికి టీసీ రాలేదు. బదులుగా నెల రోజులు ప్రతి ఉదయం అందరికన్నా ముందొచ్చి గ్రౌండు ఊడ్చాడు. తోడుగా తలకి కట్టుతో చంపాపేట్ వాడూ ఊడ్చాడు. ఆ వారంలోనే చీటీలతో, డబ్బాతో మళ్ళీ ఎన్నిక జరిగింది. వీళ్ళిద్దర్నీ నిలబడనివ్వలేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి గెలిచింది. లైనుల ఆచారం అక్కడితో ఆగిపోయింది. నాగోల్ వాడు పది పాసయ్యాడు, అత్తెసరు మార్కులతో. పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది.

ఇక మాటిచ్చిన ప్రకారం బేరం తేల్చాలి. ఆరున్నర అడుగుల వాణ్ణి అయిదడుగుల ఎనిమిది అంగుళాలకి దించుకోండి. విజయవాడ హైవే తీసెయ్యండి, లైను తోక గేటు దగ్గరే ఆగింది. కుర్చీ ఎవరూ విసరలేదు, డస్టర్లు విసిరారు. మెట్రో ప్రయాణికుల మాట మీరే నమ్మలేదు. ఇవన్నీ ఉన్నదాన్ని పెంచినవి. కిందికి దించితే అసలు సరుకు దొరుకుతుంది.

లేనిదాన్ని కల్పించింది ఒక్కచోటే. నేను కుర్చీలోంచి లేవలేదు.

బెల్టు ఎనిమిదిసార్లు పడింది. ఈ అంకెలో బేరం లేదు, నేను కూర్చుని లెక్కపెట్టాను. నా చేతిలో టీ గ్లాసు ఉంది. చొక్కా కింద, మెడలో, ఈల ఇంకా వేలాడుతోంది. నోరు తెరిస్తే నా ఉద్యోగమేమీ పోయేది కాదు. ఫాదర్ నన్ను ఒక మాట అని వదిలేసేవారు. అంత చిన్న మాట పడలేక కూర్చున్నాను.

తొమ్మిదో దెబ్బకి అడ్డం వెళ్ళింది చంపాపేట్ వాడు. తలకి కట్టుతో, అద్దాలు లేక సరిగా కనబడక, చెయ్యి చాపాడు. బెల్టు చుట్టుకున్నది ఆ సన్నటి ముంజేతికి. వాళ్ళమ్మ అరిచింది. వాడు కళ్ళు మూసుకుని గబగబా చెప్పేశాడు: "ఫాదర్, ముందు నేనే తోశాను. వాళ్ళ నాన్నని అన్నాను. లెక్కపెడితే వాడే గెలిచాడు ఫాదర్, నేను ముందు నిలబడి చూసుకున్నా, వాడికి పదకొండు మంది ఎక్కువ. టీసీ వాడికొక్కడికే ఇస్తే నాకూ ఇచ్చెయ్యండి."

"నోర్ముయ్‌రా!" అంది తల్లి. కానీ చెయ్యి వాడి భుజం మీదే వేసింది.

ఫాదర్ కాగితం చింపింది ఆ మాటకి. ఈల ఎవరు ఊదారో ఆ గదిలో ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళు ముగ్గురం ఉన్నాం. ఆ ఇద్దరు పిల్లలూ నా వైపు చూశారు, చూసి, చెప్పకుండా బయటికి వెళ్ళిపోయారు.

ఈ సంగతి ఇప్పటిదాకా స్టాఫ్ రూమ్‌లో ఎన్నోసార్లు చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, మా ఆవిడకీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బెల్టు నా చేతికే చుట్టించాను.